రోల్ ప్లేయింగ్ గేముల్లో ఏది మెరుగు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌పీజీల (రోల్ ప్లేయింగ్ గేముల) గురించి ఎవరితో మాట్లాడినా మాట చివరికి "దానికన్నా ఇది మెరుగా?" అన్న దగ్గరికే వస్తుంది. గేముల పేర్లు మారుతున్నా సందేహాలు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఒక మాట ముందే చెబుతాను: మనం చేసిన పనిని గుర్తుపెట్టుకునే గేమ్ అంటే నాకు ప్రాణం. నా తీర్పులన్నీ అటువైపే మొగ్గుతాయి.

## మొదలుపెట్టే ముందు

ఈ రోజుల్లో అన్ని గేముల్లోనూ లెవెల్స్ (పాత్ర బలపడే మెట్లు) ఉన్నాయి కదా, మరి దేన్ని ఆర్‌పీజీ అనాలి?

లెవెల్స్‌ని బట్టి కాదు. ఈ వంశానికి మూలం 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇలా చేస్తాను" అంటారు, ఆ పని కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. 1981లో అల్టిమా, విజార్డ్రీ ఆ పద్ధతిని కంప్యూటర్‌లో ఆడించాయి. 1986లో డ్రాగన్ క్వెస్ట్ దాన్ని జపాన్‌లో ఇంటింటికీ చేర్చింది. "నేను ఇలా చేస్తాను" అనే ఆ మాటకు చోటున్న గేమే ఆర్‌పీజీ. లెవెల్స్, పాయింట్లు ఆ మాటను లెక్కగట్టే కొలతలు మాత్రమే.

ఇదివరకు ఎప్పుడూ ఆడలేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

చేతివేగం మీద నమ్మకం లేకపోతే బాల్డర్స్ గేట్ 3, ఎక్స్‌ప్లోరర్ అనే తేలిక మోడ్‌లో. పోరాటంలో మీ వంతు వచ్చినప్పుడు ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, మధ్యలో ఎవరూ తొందరపెట్టరు. మంచి కథ కావాలి, నిబంధనలు నేర్చుకునే ఓపిక లేదంటే విచర్ 3. పెద్ద గేమ్ చూస్తేనే భయమేస్తే 2015లో వచ్చిన అండర్‌టేల్ తీసుకోండి. చిన్నది, పాత కంప్యూటర్‌లో కూడా ఆడుతుంది, ఒక్కరినీ చంపకుండా చివరిదాకా వెళ్లవచ్చు. ఎల్డెన్ రింగ్‌ని మాత్రం మొదటి ఆర్‌పీజీగా నేను ఎవరికీ చెప్పను.

టర్న్ బేస్డ్ (వంతులవారీగా పోరాడే) గేమ్ అంటే పాతకాలపు పద్ధతే కదా?

ఆ మాట చాలా ఏళ్లు వినిపించింది. తర్వాత 2023లో బాల్డర్స్ గేట్ 3, 2025లో ఫ్రాన్స్‌లోని చిన్న స్టూడియో శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ చేసిన క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 రెండూ ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేమ్ అవార్డు తీసుకున్నాయి. రెండూ టర్న్ బేస్డే. రెండో దానిలో శత్రువు వంతు వచ్చినప్పుడు కూడా మీరు ఖాళీగా కూర్చోరు. దెబ్బ పడే క్షణం చూసుకుని తప్పుకోవాలి, లేదా పారీ చేసి, అంటే దెబ్బను అడ్డుకుని, ఎదురుదెబ్బ కొట్టాలి. పద్ధతి పాతదా కొత్తదా అన్నది నాకు పట్టదు, నా వంతు వచ్చినప్పుడు ఆలోచించాల్సింది ఏమైనా ఉందా అన్నదే చూస్తాను. పోరాటం మొత్తం ఒకే బటన్ నొక్కి గెలవగలిగితే ఏ పద్ధతైనా విసుగే.

జపాన్ ఆర్‌పీజీలకూ, యూరప్, అమెరికా ఆర్‌పీజీలకూ తేడా ఏమిటి?

స్థూలంగా, జపాన్ గేములో పాత్ర ముందే తయారై ఉంటుంది, మీరు ఆ పాత్రతో కలిసి నడుస్తారు. రెండో రకంలో పాత్రను మీరే మలుచుకుంటారు. మినహాయింపులు బోలెడు. విచర్ 3 పోలండ్ గేమ్ అయినా అందులో హీరో గెరాల్ట్ ముందే తయారైన మనిషి. ఎల్డెన్ రింగ్ జపాన్‌ది అయినా అందులో మీ పాత్ర పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. దేశాన్ని చూసి కొనకండి.

## రెండు గేములను పోల్చేటప్పుడు

రెండూ బాగున్నాయంటున్నారు. ఏది మెరుగో ఎలా తేల్చుకోవాలి?

నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను: నేను చేసింది ఈ గేముకు గుర్తుందా?

బాల్డర్స్ గేట్ 3లో శవాలతో మాట్లాడే మంత్రం ఒకటి ఉంది. నేను చంపిన ఒకడి దగ్గర ఏదో విషయం రాబట్టాలని ఆ మంత్రం వేశాను. శవం కళ్లు తెరిచి, తనను చంపింది నేనే కాబట్టి మాట్లాడనంది. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. తర్వాత మారువేషం మంత్రం వేసుకుని వేరే మొహంతో వెళితే నోరు విప్పింది. ఇలా ఎవరైనా ప్రయత్నిస్తారని ఊహించి, దానికి జవాబు ముందే రాసి పెట్టినవాళ్లు ఉన్నారు చూడండి, ఆ గౌరవం నాకు ముఖ్యం.

కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్‌లో ఇదే గుణం ఇంకో రూపంలో కనిపిస్తుంది. కథ 1403 నాటి బొహీమియాలో జరుగుతుంది, హీరో హెన్రీ ఒక కమ్మరి కొడుకు. ఒంటిమీద రక్తం, బురదతో వెళితే ఎదుటివాళ్లు మీతో మాట్లాడే తీరు మారుతుంది. మొదటి భాగంలో హెన్రీకి చదవడం రాదు. నేర్చుకునేదాకా పుస్తకం తెరిస్తే అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. పాత్రకు రానిది మీకూ రాదు.

రెండు గేములను పక్కపక్కన పెట్టినప్పుడు మొదటి పది గంటల్లో ఇలాంటివి ఎన్ని ఎదురయ్యాయో చూసుకోండి. ఒక్కటీ గుర్తుకు రాకపోతే ఎంత అందమైన గేమైనా నా దృష్టిలో వెనకే ఉంటుంది.

"మీ నిర్ణయాలే కథను మారుస్తాయి" అని ప్రతి గేమూ చెప్పుకుంటుంది. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

ఫలితం ఎప్పుడు వస్తుందో చూడండి. నిర్ణయం తీసుకున్న మరుక్షణం ఒక డైలాగ్ మారి, ఆ తర్వాత అంతా ఒకే దారిలో పోతే అది అలంకారమే. విచర్ 3లో బ్లడీ బారన్ అనే ప్రభువు కథ చూడండి. ఆ మధ్యలో ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ కనిపిస్తుంది. వదిలేయాలా, చంపాలా? అప్పటికి అది వేరే చిన్న పనిలాగే ఉంటుంది. దాని ఫలితం ఆ తర్వాత కొందరు పిల్లల మీద, బారన్ కుటుంబం మీద పడుతుంది. అప్పటికి చాలా దూరం వచ్చేసి ఉంటాం కాబట్టి పాత సేవ్‌కి వెళ్లి సరిదిద్దుకోవాలన్న ఆలోచన కూడా రాదు. రెండు దారుల్లోనూ పూర్తిగా మంచిది అంటూ లేదు.

మాస్ ఎఫెక్ట్ 2 ఇంకో పద్ధతి చూపిస్తుంది. ఆఖరి మిషన్‌లో మీ బృందంలో ఎవరు బతుకుతారన్నది, వాళ్ల సొంత సమస్యల్లో మీరు తోడు నిలిచారా, మీ అంతరిక్ష నౌకను బలపరిచారా, ఎవరికి ఏ పని అప్పగించారు అన్న వాటిమీద ఆధారపడుతుంది. చనిపోయినవాళ్లు మూడో భాగంలోనూ తిరిగి రారు.

మ్యాప్ పెద్దదైతే గేమ్ కూడా గొప్పదేనా?

కాదు. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్‌లో వెయ్యికి పైగా గ్రహాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం కంప్యూటర్ సూత్రాల ప్రకారం పుట్టించిన నేలే. కొన్ని గ్రహాలు తిరిగేసరికి చూసిందే మళ్లీ చూస్తున్నామనిపిస్తుంది. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం దాదాపు అంతా మార్టినేజ్ అనే ఒక్క పేటలో జరుగుతుంది. ఆ పేటలో ప్రతి మనిషికీ ఒక గతం ఉంది, ప్రతి గోడకూ ఒక కారణం ఉంది. నాకు ఆ పేట ఇప్పటికీ గుర్తే, గ్రహాల్లో ఒక్కదాని పేరూ గుర్తులేదు. ఎల్డెన్ రింగ్‌లాగా పెద్దదై ఉండి కూడా మూలమూలనా చేత్తో పేర్చినట్టుండే లోకం దొరికితే అది అదృష్టమే.

విచర్ 3 గొప్పదా, బాల్డర్స్ గేట్ 3 గొప్పదా? ఒక్క పేరు చెప్పండి.

ఆర్‌పీజీగా బాల్డర్స్ గేట్ 3. కథగా విచర్ 3.

తప్పించుకోవడానికి ఇలా అనడం లేదు. 2015 మేలో వచ్చిన విచర్ 3లో గెరాల్ట్ ఎలాంటివాడో రచయితలకు బాగా తెలుసు, అందుకే అతని ప్రతి మాటా సరిగ్గా అతికినట్టుంటుంది. చిన్న సైడ్ క్వెస్ట్‌లో (ముఖ్య కథకు పక్కన వచ్చే పనిలో) కూడా ఒక ఊరి దుఃఖం కనిపిస్తుంది. కానీ కత్తియుద్ధం నాకు ఎప్పుడూ అంతంతమాత్రమే అనిపించింది. సగం గేమ్ అయ్యేసరికి దాదాపు ప్రతి పోరాటమూ ఒకేలా సాగుతుంది.

బాల్డర్స్ గేట్ 3ని బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ 2020 అక్టోబర్‌లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి, ఆడేవాళ్ల మాటలు వింటూ 2023 ఆగస్టుదాకా చెక్కుతూనే ఉంది. అక్కడ ఒకే గదిలోకి నలుగురు నాలుగు రకాలుగా వెళ్లగలరు. తాళం తీయవచ్చు, తలుపు బద్దలు కొట్టవచ్చు, పక్కనున్న జంతువును అడగవచ్చు, కాపలావాడిని మాటలతో ఒప్పించవచ్చు. శత్రువును ఎత్తు మీంచి తోసేయవచ్చు, నేల మీద జిడ్డు పరిచి నిప్పంటించవచ్చు. మూడో అంకం విడుదలప్పుడు బరువుగా, బగ్గులతో నడిచిందన్నది నిజం, తర్వాత వచ్చిన ప్యాచ్‌లతో (సవరణలతో) చాలావరకు సర్దుకుంది. అయినా "నేను ఇలా చేస్తాను" అంటే "సరే, చెయ్యి" అనే గేముల్లో దీనికి సాటి నాకింకా దొరకలేదు.

రివ్యూ స్కోర్లను నమ్మవచ్చా?

గేమ్ సరిగా పని చేస్తుందా లేదా అన్నంతవరకు ఉపయోగపడతాయి. మీకు నచ్చుతుందా అన్నది చెప్పలేవు. పైగా ఆర్‌పీజీకి ఇంకో చిక్కుంది: విడుదలకు ముందు కొద్ది రోజుల్లోనే వంద గంటల గేమ్ మీద తీర్పు రాయాలి. అందుకే అంకెను వదిలి, రాసినవాళ్లు ఫిర్యాదు చేసిన చోటు చదవండి. "డైలాగులు మరీ ఎక్కువ" అన్నది వాళ్లకు లోపం, నాకు ఆహ్వానం.

గ్రాఫిక్స్ ఎంత ముఖ్యం?

మొదటి రెండు గంటలు చాలా ముఖ్యం. ఆ తర్వాత మొహాల్లో భావం కనిపిస్తే చాలు.

స్కైరిమ్ 2011 నాటిది. ఇంకా ఎందుకు ఆడుతున్నారు?

కథ కోసం మాత్రం కాదు. అందులో ఏ పని చేస్తే అదే మెరుగవుతుంది. విల్లు వాడితే విలువిద్య పెరుగుతుంది, కొలిమి దగ్గర పని చేస్తే కమ్మరితనం పెరుగుతుంది. డ్రాగన్ల గొడవ పక్కనపెట్టి, కనిపించిన కొండ వైపు నడిచినా ఆట సాగుతుంది. దానికితోడు ఆడేవాళ్లు తయారు చేసిన మాడ్స్ (మార్పులు, చేర్పులు) గేమ్ పాతబడకుండా చూస్తున్నాయి. కానీ ఇక్కడ చేసిన పనికి గుర్తింపు తక్కువ. మంత్రాలు అంతంతమాత్రంగా వచ్చినా మాంత్రికుల కళాశాలకు అధిపతి కావచ్చు. తిరగడానికి స్కైరిమ్‌ని మించింది లేదంటే ఒప్పుకుంటాను, పాత్రగా బతకడానికి అంటే ఒప్పుకోను.

## ఆడుతున్నప్పుడు

ఎల్డెన్ రింగ్‌లో మొదట్లోనే చచ్చిపోతున్నాను. ఇది నా వల్ల కాదేమో?

బయటికి రాగానే బంగారు కవచంతో గుర్రం మీద తిరిగే ట్రీ సెంటినెల్ దగ్గరే ఆగిపోయి ఉంటారు. అతన్ని అప్పుడే గెలవాలని ఎవరూ అనలేదు, చుట్టూ తిరిగి వెళ్లిపోండి. ఈ గేములో కష్టం తగ్గించే మెనూ ఉండదు, ఆ సర్దుబాటు లోకంలోనే ఉంది. గుర్రం దొరికేదాకా ముందుకు సాగండి. చర్చ్ ఆఫ్ ఎల్లేకు తిరిగి వెళితే రెన్నా అనే మంత్రగత్తె ఇచ్చే గంటతో ఆత్మలను సాయానికి పిలవవచ్చు. కోట దారిలో అడ్డుపడే మార్గిట్ అనే బలమైన శత్రువు దగ్గర ఆగిపోతే, కోట వదిలి దక్షిణాన వీపింగ్ పెనిన్సులా తిరిగి రండి. మొదట్లో పాయింట్లు విగర్‌లో (ప్రాణశక్తిలో) పెట్టండి, స్మితింగ్ స్టోన్స్ అనే రాళ్లతో ఆయుధం పదును పెంచండి. చాలామంది ఈ రెండూ చేయకుండానే తమకు చేతకాదని తేల్చేసుకుంటారు.

తప్పు బిల్డ్ (పాత్రను మలిచే తీరు) ఎంచుకున్నానేమో అని టెన్షన్‌గా ఉంది. మళ్లీ మొదటినుంచి ఆడాలా?

అక్కర్లేదు. ఇప్పటి గేములు చాలావాటిలో మార్చుకునే వీలుంది. బాల్డర్స్ గేట్ 3లో విథర్స్ అనే పాత్ర మీ శిబిరానికి వచ్చాక, ఆ గేములోని 100 బంగారు నాణేలిస్తే క్లాస్ (పాత్ర వృత్తి) సహా బిల్డ్ అంతా మార్చేస్తాడు. ఎల్డెన్ రింగ్‌లో రెన్నాలా అనే శత్రువును ఓడించాక లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి మార్చుకోవచ్చు. విచర్ 3లో అందుకు పోషన్ ఆఫ్ క్లియరెన్స్ అనే కషాయం ఉంది. సైబర్‌పంక్ 2077లో పర్కులను (ప్రత్యేక సామర్థ్యాలను) ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆట్రిబ్యూట్లను (బలం, తెలివి వంటి మూల లక్షణాలను) మాత్రం ఒక్కసారే మార్చనిస్తుంది.

పాచిక ఓడిపోయినప్పుడల్లా పాత సేవ్ లోడ్ చేస్తున్నాను. అలా చేయకూడదా?

మీ ఇష్టం. కానీ ఓటమి ఏం చూపిస్తుందో ఒకసారి చూడండి. డిస్కో ఎలీసియంలో మామూలు పోరాట వ్యవస్థ అంటూ లేదు, 24 నైపుణ్యాలు మీ తలలో గొంతులై మాట్లాడతాయి. తెల్ల పరీక్షలో ఓడితే ఆ నైపుణ్యం పెంచుకుని మళ్లీ ప్రయత్నించవచ్చు, ఎర్ర పరీక్షకు ఒక్కటే అవకాశం. ఆ గేములో నాకు బాగా గుర్తున్న సన్నివేశాలు చాలావరకు ఓడినవే. ఓడినా కథ నడిచేలా రాసిన గేములో మళ్లీ లోడ్ చేస్తే సగం రాత మీకు కనపడకుండా పోతుంది. ఓడితే తలుపు మూసేసి ఊరుకునే గేమ్ అయితే లోడ్ చేసుకోండి, అక్కడ తప్పు మీది కాదు.

సైడ్ క్వెస్టులన్నీ పూర్తి చేయాలా?

వద్దు. 2014 నాటి డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్‌లో హింటర్‌ల్యాండ్స్ అనే తొలి ప్రాంతంలోనే అన్నీ పూర్తి చేయాలని కూర్చుని, అసలు గేమ్ చూడకుండానే విసిగి మానేసినవాళ్లు ఎందరో. మనిషి పేరు, కారణం ఉన్న క్వెస్ట్ చేయండి. "పది తోళ్లు తీసుకురా" అంటే దారిలో దొరికితే చూద్దాం అనుకోండి.

నేను బలపడుతుంటే శత్రువులూ బలపడుతున్నారు. ఇక లెవెల్ పెరిగి లాభమేంటి?

దీన్ని లెవెల్ స్కేలింగ్ అంటారు. ఎటు వెళ్లినా పోరాటం తేలిపోకుండా ఉండాలని అలా చేస్తారు. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో అది శ్రుతి మించింది. కొన్నాళ్లకు దారిదోపిడీ దొంగలు కూడా ఖరీదైన గ్లాస్ కవచాల్లో తిరిగేవారు. దీనికి పూర్తి విరుద్ధం ఫాలౌట్: న్యూ వెగాస్. మొదటి ఊరి నుంచి నేరుగా ఉత్తరానికి వెళితే కాజడోర్లు, డెత్‌క్లాలు అనే భీకర జీవులు చంపేస్తాయి. బలపడి అదే దారిలో తిరిగొస్తే అప్పటి భయం గుర్తొచ్చి గుండె నిండుతుంది. నా ఓటు రెండో పద్ధతికే.

గైడ్ చూసి ఆడితే తప్పా?

దారి తెలియక గంటసేపు తిరుగుతుంటే చూడండి. నిర్ణయాల దగ్గర మాత్రం చూడకండి. ఒక్క హెచ్చరిక: క్యాలెండర్‌తో నడిచే గేముల్లో గడువులు మనకు చెప్పకుండానే దాటిపోతాయి. పర్సోనా 5 రాయల్‌లో చివరి అదనపు సెమిస్టర్ చూడాలంటే, మరుకీ అనే స్కూలు కౌన్సెలర్‌తో (మానసిక సలహాదారుతో) స్నేహం గేములోని నవంబర్ 18 లోపు 9వ ర్యాంకుకు చేరాలి. వంద గంటలు ఆడాక ఇది తెలిస్తే బాధగా ఉంటుంది, అందుకే ముందే చెబుతున్నాను.

## కొనడం, ఆపేయడం, ముగించడం

విడుదల రోజే కొనాలా, ఆగాలా?

ఆగగలిగితే ఆగండి. సైబర్‌పంక్ 2077 డిసెంబర్ 2020లో వచ్చినప్పుడు పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. తిరిగి 2021 జూన్‌లో పెట్టింది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ పర్కులను, పోలీసులను, సైబర్‌వేర్‌ను (ఒంట్లో అమర్చుకునే యంత్రాలను) తిరగరాసింది. ఇప్పుడు అది నిజంగా మంచి గేమ్. కానీ 2.0 పాత కన్సోళ్లకు రాలేదు, మొదటి రోజు పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మీద కొన్నవాళ్లకు ఆ మంచి గేమ్ అందనే లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో అయితే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. పాత్ర మొహం తీర్చిదిద్దడానికే గంట గడిచిపోతుంది, గడియారం మీద ఒక కన్నేసి ఉంచండి.

ఉచితంగా ఆడేవి ఉండగా కొనడం ఎందుకు?

2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ లోకం అందంగా ఉంటుంది, కథ డబ్బు పెట్టకుండా ఆడుకోవచ్చు. కానీ కొత్త పాత్రలు లాటరీ పద్ధతిలో వస్తాయి. ఐదు నక్షత్రాల పాత్ర ఖాయంగా రావాలంటే 90 సార్లు లాగాల్సి రావచ్చు, అప్పుడు కూడా మీరు కోరినదే వస్తుందన్న హామీ లేదు. ఎవరితో కలిసి ప్రయాణం చేయాలో అదృష్టం తేల్చడం నాకు మింగుడుపడదు. చేతిని అదుపులో పెట్టుకోగలనన్న నమ్మకం లేకపోతే అటు వెళ్లకండి.

డీఎల్‌సీలు (గేముకు తర్వాత విడిగా అమ్మే అదనపు భాగాలు) కొనదగ్గవేనా?

కొన్ని అసలు గేములకు దీటుగా ఉంటాయి. విచర్ 3కి వచ్చిన బ్లడ్ అండ్ వైన్ 2016లో ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆర్‌పీజీగా గెలిచింది. ఎల్డెన్ రింగ్‌కి వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ కూడా అంత పెద్దదే, కానీ అందులోకి వెళ్లాలంటే ముందు అసలు గేములోని రాడాన్, మోగ్ అనే ఇద్దరు శత్రువులను ఓడించాలి. కొనేముందు అది సరిచూసుకోండి.

40 గంటలు ఆడి రెండు నెలలు వదిలేశాను. ఇప్పుడు ఏమీ గుర్తులేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

ఆ సేవ్‌నే తెరవండి. ముఖ్య కథ జోలికి వెళ్లకుండా, తేలికైన ప్రాంతంలో ఒక చిన్న క్వెస్ట్ చేయండి. గంటలో వేళ్లకు బటన్లు గుర్తొస్తాయి. క్వెస్ట్ జాబితా చదివితే కథ గుర్తొస్తుంది. ఎల్డెన్ రింగ్‌లాగా జాబితానే లేని గేమ్ అయితే, ఆపే రోజు రెండు వాక్యాలు కాగితం మీద రాసుకునే అలవాటు చేసుకోండి. మళ్లీ మొదటినుంచి మొదలుపెడితే తెలిసిన దారిలోనే నడుస్తూ రెండోసారి కూడా అదే చోట ఆగిపోయే ప్రమాదముంది.

ముగించాను. మళ్లీ ఆడితే కొత్తగా ఉంటుందా?

మొదటిసారి మీరు చేయని పనులు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి. న్యూ వెగాస్‌లో తుపాకీతో తేల్చిన ఆఖరి శత్రువును రెండోసారి స్పీచ్ (మాటకారితనం) 100తో ఎదుర్కొని, మాటలతోనే వెనక్కి పంపించాను. అది వేరే గేములాగా అనిపించింది. విచర్ 3ని నేను రెండోసారి సగంలో ఆపేశాను, కథ తెలిసిపోయాక గెరాల్ట్‌ని వేరే మనిషిగా నడిపించలేకపోయాను. అండర్‌టేల్ విషయంలో మాత్రం జాగ్రత్త. మొదట్లో ఒకరిని చంపి, మనసొప్పక పాత సేవ్ లోడ్ చేసి, ఈసారి వాళ్లను బతికించి ముందుకు వెళ్లండి. మీరు ఇంతకుముందు ఏం చేశారో తనకు తెలుసని ఆ గేమ్ మీ మొహం మీదే చెబుతుంది.